జీతంతో పాటు సెల్లార్ గాలి గురించీ అడగండి

శంషాబాద్‌లో జాబ్ అనగానే పైలట్, క్యాబిన్ క్రూ గుర్తొస్తారు. కానీ ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల కార్గో, స్టోర్స్, సర్వర్ రూములు, హోటళ్లలోనూ పని ఉంటుంది. అందులో కొంత సెల్లార్లలోనే. ఇంటర్వ్యూకు వెళ్లినవాళ్లు జీతం, షిఫ్టు, క్యాబ్ గురించి అడుగుతారు. సెల్లార్‌లో రేడాన్ ఎంతుందో మాత్రం ఎవరూ అడగరు.

శంషాబాద్‌తో సహా హైదరాబాద్ పరిసరాల్లో నేల కింద ఉన్నది ఎక్కువగా గ్రానైట్. అందులో కొద్దిపాటి యురేనియం ఉంటుంది. అది క్షీణిస్తూ రేడియంగా, చివరికి రేడాన్ వాయువుగా మారుతుంది. దీనికి రంగు, వాసన ఉండవు. ఆరుబయట గాలిలో కలిసిపోతుంది. పగుళ్లలోంచి గాలాడని గదిలోకి చేరితే పేరుకుంటుంది. దాన్నుంచి పుట్టే పొలోనియం ఊపిరితిత్తుల్లో అతుక్కుని ఆల్ఫా కణాలను వెలువరిస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ముఖ్య కారణాల్లో రేడాన్ ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సిగరెట్ తాగేవారికి ముప్పు మరీ ఎక్కువ.

దీని లెక్క కష్టమేమీ కాదు. గాలిలో రేడాన్ ఎంత, అక్కడ ఎన్ని గంటలు ఉంటారు అన్నవి తెలిస్తే చాలు. ఘనపు మీటరుకు 300 బెక్వెరల్స్ ఉన్న గదిలో ఏడాదికి 2000 గంటలు పనిచేస్తే, అంతర్జాతీయ సంస్థ ఐసీఆర్‌పీ గుణకం ప్రకారం మోతాదు సుమారు 4 మిల్లీసీవర్టులు. అదే 100 బెక్వెరల్స్ అయితే సుమారు 1.3. మన దేశంలో రేడియేషన్ సిబ్బందికి పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20. కాబట్టి కంగారు పడనక్కర్లేదు. కానీ ఎక్స్‌రే టెక్నీషియన్‌కు మోతాదు కొలిచే బ్యాడ్జ్ ఉంటుంది. సెల్లార్‌లో కూర్చునే స్టోర్ కీపర్‌కు ఏముంది?

అసలు చిక్కు షిఫ్టుల దగ్గరుంది. గదిలో నెలల తరబడి వేలాడదీసే ఫిల్మ్ డిటెక్టర్ రాత్రీపగలూ కలిపి సగటు చెబుతుంది. రాత్రి ఏసీలు, ఫ్యాన్లు ఆపితే రేడాన్ పెరుగుతుంది, పొద్దున వేశాక తగ్గుతుంది. అంటే పగటి షిఫ్టు వాళ్లకు ఆ సగటు ఎక్కువ చేసి చూపిస్తుంది. కానీ ఎయిర్‌పోర్టుకు నిద్ర ఉండదు. వెంటిలేషన్ తగ్గించిన గదిలో రాత్రంతా పనిచేసేవారికి అదే సగటు తక్కువ చేసి చూపిస్తుంది. అందుకే బిల్డింగ్ మొత్తానికి ఒకే అంకె సరిపోదు, షిఫ్టు వారీగా కొలవాలి.

కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గనిలో రేడాన్‌ను కొలవడం మామూలు పనిలో భాగం. ఎయిర్‌పోర్టు సెల్లార్ గని కాకపోవచ్చు, పీల్చే ఊపిరితిత్తులు మాత్రం అవే. షట్టర్లు తెరిచి ఉండే గోదాములను తర్వాత చూసుకోవచ్చు. ముందు మనుషులు పనిచేసే సెల్లార్లలో కొలిచి, ఫలితాన్ని నోటీసు బోర్డులో పెట్టాలి. ఎక్కువగా ఉంటే పగుళ్లు పూడ్చడం, గాలి బాగా ఆడేలా చూడటం లాంటి పరిష్కారాలున్నాయి.

ఫిజిక్స్ విద్యార్థులూ, ఇది మీకు పని చూపించే రంగం కూడా. ఎమ్మెస్సీ తర్వాత బార్క్‌లో రేడియోలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా చేయొచ్చు. ఫైనలియర్ ప్రాజెక్టుగా మీ కాలేజీ సెల్లార్‌నే కొలవండి. రెజ్యూమేలో రాసుకోవడానికి సొంత అంకెలు ఉంటాయి.

మిగతావాళ్లకు ఒక్క మాట. ఇంటర్వ్యూలో అడిగితే జాబ్ పోతుందని భయమైతే, ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే సేఫ్టీ ఆఫీసర్‌ను అడగండి: “ఇక్కడ రేడాన్ కొలిచారా? ఏ షిఫ్టులో?” పదిమంది అడిగితే పదకొండోవాడు చేరేలోపు కొలుస్తారు.