చెరువు గట్టున పిల్లల శిబిరాలు మనకెందుకు లేవు?

(మా విలేకరి)

ఎర్రుపాలెం: ఏప్రిల్ నాలుగో వారంలో బడులకు సెలవులు ఇచ్చింది మొదలు జూన్ 12న తిరిగి తెరిచేదాకా, సుమారు ఏడు వారాలపాటు పల్లెల్లో పిల్లలకు కాలక్షేపం వుండదు. పెద్దలు పనులకు పోతారు. ఎండలు మండిపోతుంటాయి. నీళ్లు ఎక్కడ కనిపిస్తే అక్కడ పిల్లలు దిగుతారు. చెరువులోనో, కాలువలోనో, క్వారీ గుంటలోనో ఈతకు దిగి పిల్లలు మృతి చెందారన్న వార్త లేకుండా ఏ వేసవీ గడవడం లేదు. మరునాడు పత్రికలో నాలుగు వాక్యాలు వస్తాయి. పోలీసులు కేసు నమోదు చేస్తారు. కొన్నాళ్లకు అందరూ మరచిపోతారు. మళ్లీ వేసవి వస్తుంది.

ఇదే వయసు పిల్లలు ఇదే వేసవిలో ఇతర దేశాల్లోనూ నీటి ఒడ్డుకే పోతున్నారు. అయితే అక్కడ వేలాది మంది పోయేది సరస్సు గట్టున నడిచే వేసవి శిబిరానికి. మన పిల్లలు పోయేది ఎవరూ లేని గట్టుకు. చెరువులకు కొదవలేని ఖమ్మం, భద్రాచలం ప్రాంతాల్లో పిల్లలను నీటికి దూరంగా వుంచడం ఎలాగూ సాధ్యం కాదు. అటువంటప్పుడు నీటి దగ్గర ఎలా మెలగాలో నేర్పే శిబిరాలు ఎందుకు పెట్టరాదన్నది ఆలోచించవలసిన విషయం.

శిబిరంలో జీవితం

వేసవి శిబిరం అన్నది కొత్త సంగతి కాదు. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఫ్రెడరిక్ విలియం గన్ అనే బడిపంతులు 1861లో తన విద్యార్థులను సముద్రపు పాయ ఒడ్డుకు నడిపించుకుపోయి రెండు వారాలపాటు గుడారాల్లో వుంచాడు. తర్వాత ఆ శిబిరం వారమాగ్ అనే సరస్సు గట్టుకు మారింది. ఆ దేశంలో వేసవి శిబిరాలకు ఇదే ఆరంభమని చెబుతారు. నేడు అక్కడ స్థిరపడిన తెలుగువారు కూడా తమ పిల్లలను ఇటువంటి శిబిరాలకు పంపుతున్నారు.

శిబిరంలో పిల్లల దినచర్య సాదాగా వుంటుంది. తెల్లవారగానే లేచి ఎవరి పక్క వారు సర్దుకోవాలి. వంటశాలలో, ఊడ్పు పనిలో వంతుల ప్రకారం చేయి వేయాలి. ఉదయం ఈత, ఆ తర్వాత తెడ్డు పడవ నడపడం, మధ్యాహ్నం చేతిపనులు, సాయంత్రం ఆటలు, రాత్రి మంట చుట్టూ కూర్చుని పాటలు, కథలు. అమ్మానాన్నలకు దూరంగా వుండటం, పదిమందితో సర్దుకుపోవడం అలవడుతుంది.

అయితే మనం ముఖ్యంగా గమనించవలసింది నీటి దగ్గర వారు పాటించే కట్టుబాటును. శిబిరంలో చేరిన పిల్లలందరికీ మొదటే ఈత పరీక్ష పెడతారు. ఈత రానివారు, నేర్చుకుంటున్నవారు, బాగా వచ్చినవారు అని మూడు జట్లు చేస్తారు. నీటిలో తాళ్లు కట్టి మూడు భాగాలు చేస్తారు. ఈత రానివారిని మూడున్నర అడుగుల లోతు దాటనివ్వరు.

ఇక ఒంటరిగా నీటిలో దిగడమన్నది వుండదు. ప్రతి పిల్లవాడికీ ఒక జోడీ వుంటాడు. పది నిమిషాలకు ఒకసారి ఈల వేస్తారు. ఈల వినగానే జోడీలు చేతులు పట్టుకుని పైకెత్తి నిలబడాలి. పర్యవేక్షకులు లెక్క చూసుకుంటారు. గట్టు మీద ఒక పలక వుంటుంది. నీటిలో దిగే ముందు పిల్లవాడు తన పేరు బిళ్లను ఆ పలకకు తగిలించాలి. బయటికి వచ్చాక తీసుకోవాలి. అందరూ వచ్చాక కూడా పలక మీద బిళ్ల మిగిలిందంటే ఎవరో రాలేదన్నమాట. వెంటనే వెతుకుతారు. ఈలకూ, తాడుకూ, పేరు బిళ్లకూ పెద్ద ఖర్చు లేదు. కావలసింది కట్టుబాటు మాత్రమే.

శిబిరం అన్నంత మాత్రాన ప్రమాదం రాదని కాదు. 2025 జూలై 4న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో గ్వాడలూప్ నది ఒడ్డున వున్న మిస్టిక్ అనే బాలికల శిబిరాన్ని వేకువజామున వరద ముంచెత్తింది. 27 మంది బాలికలు, యువ పర్యవేక్షకులు మృతి చెందారు. నది ముప్పావు గంటలో 26 అడుగులు పెరిగినట్లు అధికారులు చెప్పారు. ఆ శిబిరం 1926లో మొదలైనదే. పిల్లలు పడుకునే చోటు నీటికి ఎంత ఎత్తున వుండాలి, వరద హెచ్చరిక అర్ధరాత్రి వస్తే ఎవరు లేపాలి అన్న ప్రశ్నలకు జవాబు ముందే వుండాలని ఆ దుర్ఘటన చాటింది.

మన దేశంలోనూ ఇటువంటి గుణపాఠాలు వున్నాయి. 2024 జనవరి 18న గుజరాత్‌లోని వడోదరలో హర్ణి చెరువుకు విహారానికి వచ్చిన బడి పిల్లల పడవ తిరగబడి 12 మంది విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయినులు మరణించారు. పరిమితికి మించి ఎక్కించారని, అందరికీ లైఫ్ జాకెట్లు ఇవ్వలేదని బయటపడింది. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, లార్జి డ్యామ్ నుంచి ఒక్కసారిగా వదిలిన నీటికి కొట్టుకుపోయారు. విహారానికి తీసుకుపోవడం వేరు, శిబిరం నడపడం వేరు అని ఈ రెండు సంఘటనలూ చెబుతున్నాయి.

మనకూ నమూనాలు వున్నాయి

మన రాష్ట్రంలో నీటి ఆటల శిక్షణ అసలు లేదని కాదు. హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో 2009లో ఏర్పడిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద కుటుంబాల పిల్లలకు తెరచాప పడవ నడపడం నేర్పుతోంది. పదిహేనేళ్ల లోపు పిల్లలు ఒక్కరే నడిపే ఆప్టిమిస్ట్ అనే ఏడున్నర అడుగుల పైచిలుకు చిన్న పడవతో ఈ విద్య మొదలవుతుంది. పడవ బోల్తా పడితే దానిని తిరిగి ఎలా నిలబెట్టాలన్నది తొలి పాఠాల్లో ఒకటి. అంటే ప్రమాదాన్ని ముందే అలవాటు చేయిస్తారు. అక్కడ తర్ఫీదు పొందిన కొంగర ప్రీతి జాతీయ స్థాయి దాటి దేశం తరఫున పోటీలలో పాల్గొన్నారు.

మన అడవి ప్రాంతంలోనే పాల్వంచ దగ్గర కిన్నెరసానిలో గిరిజన విద్యార్థుల క్రీడా పాఠశాల వుంది. అక్కడి పిల్లలు జలాశయంలో కయాకింగ్, కనోయింగ్ నేర్చుకున్నారు. అయితే కిన్నెరసాని జలాశయంలో మొసళ్లు వున్న సంగతి అందరికీ తెలిసిందే. నీరు వున్న చోటల్లా పిల్లలను దింపరాదు, చోటు ఎంచుకోవడమే మొదటి పని అనడానికి ఇదే నిదర్శనం.

బావులు పోయాయి, గురువులూ పోయారు

నిజానికి ఒకప్పుడు మన ఊళ్లలో వేసవి శిబిరం పేరు లేకుండానే నడిచేది. మోట బావి అందుకు వేదిక. ఎండాకాలం రాగానే మేనమామో, పెదనాన్నో పిల్లవాడి నడుముకు బెండ్లు గానీ, ఎండిన సొరకాయ బుర్రలు గానీ కట్టి నీళ్లలోకి తోసేవారు. తాడు కొస పెద్దవారి చేతిలో వుండేది. నాలుగు రోజుల్లో ఒక బెండు, వారంలో ఇంకో బెండు తీసేసేవారు. వేసవి ముగిసేసరికి పిల్లవాడు గట్టు మీదినుంచి దూకేవాడు.

బోర్లు వచ్చాక మోట బావులు ఎండాయి. చాలావరకు పూడ్చివేశారు. వాటితోపాటే తాడు కొస పట్టుకునే మనిషీ పోయాడు. పిల్లల సరదా మాత్రం పోలేదు. వారు ఇప్పుడు తమంతట తాము కాలువలకు, చెరువులకు పోతున్నారు. కాగా, ఆ పాత పద్ధతి అందరికీ అందిందని కూడా చెప్పలేము. ఆడపిల్లలకు ఈత నేర్పిన ఇళ్లు అరుదు. దళితుల పిల్లలను ఊరి బావుల్లో దిగనివ్వని రోజులు పెద్దలకు ఇంకా గుర్తే. కొత్తగా పెట్టే శిబిరం ఆ లోపాన్ని సరిదిద్దాలి.

ప్రమాదం ఎక్కడుంది?

నాగార్జున సాగర్ ఎడమ కాలువకు 1967లో నీరు వదిలిన తర్వాత మధిర, బోనకల్ ప్రాంతాల పంట పొలాలు మారిపోయాయి. అయితే సిమెంటు లైనింగు చేసిన కాలువ వాలు గోడలకు పాచి పడుతుంది. దిగడం తేలిక, ఎక్కడం కష్టం. చెరువు గట్టులాగా కాలు నిలిచే చోటు వుండదు. వేసవిలో నీరు తక్కువగా వుందని దిగినవారికి పైనుంచి నీరు వదిలారన్న కబురు అందదు.

ఇక చెరువుల సంగతి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులను పునరుద్ధరించాలని తలపెట్టారు. పూడిక తీయడం మంచిదే. ఇదిలా వుండగా ఇటుక బట్టీలకు, రోడ్డు పనులకు మట్టి ఇష్టం వచ్చినట్లు తవ్వడం వల్ల చెరువు అడుగున గోతులు ఏర్పడతాయి. మోకాలి లోతున నడుస్తున్న పిల్లవాడు ఒక్క అడుగు ముందుకు వేస్తే రెండు నిలువుల లోతులో పడతాడు. పైనుంచి చూస్తే నీరంతా ఒక్కటిగానే కనిపిస్తుంది.

అన్నింటికంటే విషాదం, ఒకరిని కాపాడబోయి మరొకరు పోవడం. 2025 జనవరి 11న సిద్దిపేట జిల్లా కొండపోచమ్మ సాగర్‌కు హైదరాబాద్ నుంచి వచ్చిన ఏడుగురు యువకుల్లో ఐదుగురు మునిగిపోయారు. అదే ఏడాది జూన్ 7న మేడిగడ్డ దగ్గర గోదావరిలో ఆరుగురు మృతి చెందారు. ఇలా ఒకే చోట నలుగురైదుగురు పోయిన సంఘటనల్లో తరచు కనిపించేది ఇదే. మునుగుతున్నవాడు ప్రాణభయంతో దగ్గరికి వచ్చినవాడి మెడను పట్టుకుంటాడు. ఇద్దరూ పోతారు. దూకవద్దు, చీరో, తువ్వాలో, వెదురు గడో అందించు, లారీ ట్యూబు విసురు, కేకలు వేసి పెద్దలను పిలువు అన్న నాలుగు మాటలు ప్రతి పిల్లవాడికీ నేర్పినా ఎన్నో ప్రాణాలు దక్కుతాయి.

బంగ్లాదేశ్ పల్లెల అనుభవం

2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు మూడు లక్షల మంది నీట మునిగి మరణించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో ప్రకటించింది. వారిలో నూటికి 24 మంది అయిదేళ్ల లోపు వారు, 19 మంది 5 నుంచి 14 ఏళ్ల మధ్యవారు. మన దేశంలో 2022లో ఇలా పోయినవారు 38 వేలకు పైగానే వున్నారు. బడి ఈడు పిల్లలందరికీ ఈత, నీటి జాగ్రత్తలు, కాపాడే పద్ధతులు నేర్పాలన్నది ఆ సంస్థ సిఫారసు. కేంద్ర ఆరోగ్య శాఖ కూడా 2023లో ఇందుకు ఒక విధాన పత్రం వెలువరించింది.

బంగ్లాదేశ్ దీనిని చేసి చూపింది. స్విమ్‌సేఫ్ అనే పథకం కింద ఊరి చెరువులోనే వెదురు బొంగులతో ఒక మంచె కట్టి నీటిలో ముంచుతారు. పిల్లలు దాని మీద నిలబడి నేర్చుకుంటారు. చుట్టూ వెదురు దడి వుంటుంది కాబట్టి లోతుకు పోరు. నాలుగు నుంచి పన్నెండేళ్ల పిల్లలు 25 మీటర్లు ఈదాలి, 30 సెకన్లు నీటిపై తేలాలి, గట్టు మీద నిలబడి ఇంకొకరికి గడ అందించి లాగాలి. ఈ మూడూ వస్తే చదువు పూర్తయినట్లే. ఇలా నేర్చుకున్న పిల్లల్లో నీట మునిగి చనిపోయే ముప్పు 90 శాతానికి పైగా తగ్గినట్లు 2012లో వెలువడిన అధ్యయనంలో తేలింది. ఈతకొలను కట్టే డబ్బు లేదన్న సాకు దీనితో తొలగిపోయింది.

చేయవలసినది

జిల్లా క్రీడల శాఖ ఏటా మే నెలలో గ్రామాల్లో వేసవి శిక్షణ శిబిరాలు నడుపుతోంది. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ వంటి ఆటలు నేర్పుతున్నారు. వాటి సరసన నీటి శిబిరాన్ని కూడా చేర్చడం కష్టమేమీ కాదు. ముందుగా మండలానికి ఒక చెరువును ఎంపిక చేయాలి. గోతులు లేని మూలను కొలిచి చూసి, తాళ్లు, వెదురు దడి కట్టి హద్దు పెట్టాలి. వ్యాయామోపాధ్యాయుడు బాధ్యత వహించాలి. బాలికలకు వేరే వేళ, మహిళా శిక్షకులు వుండాలి. ఎండ ముదరక ముందే, ఉదయం ఆరు నుంచి ఎనిమిది లోపు ముగించాలి. ప్రథమ చికిత్స, ఊపిరి అందించే పద్ధతి తెలిసిన ఆరోగ్య కార్యకర్త గట్టు మీద వుండాలి. జోడీలు, ఈల, పేరు బిళ్లల పలక తప్పనిసరి కావాలి.

ఇక నేర్పేవారెవరన్న ప్రశ్న వస్తుంది. జవాబు మన ఊళ్లలోనే వుంది. చెరువు మీద బతికే మత్స్యకారులకు సహకార సంఘాలు వున్నాయి. వారికి ప్రతి చెరువు లోతూ తెలుసు. పిల్లవాడు మునిగాడనగానే పోలీసులు పరుగున పిలిపించేది ఆ గజ ఈతగాళ్లనే. వారు వల వేసి, మునిగి వెతికి, శవాన్ని గట్టుకు చేరుస్తారు. ఆ పనికి పిలిచే మనిషిని మే నెల మొదటి వారంలోనే పిలిచి, తగిన కూలి ఇచ్చి, పిల్లలకు ఈత నేర్పమంటే సరిపోతుంది. ఆయనకు వేసవిలో ఉపాధి, ఊరికి ధైర్యం.

వైరా రిజర్వాయరు, పాలేరు, ఖమ్మం లకారం చెరువు వంటి చోట్లకు సందర్శకులను రప్పించడానికి ప్రయత్నాలు జరుగుతూనే వున్నాయి. అవి మంచివే. వాటిలో పదో వంతు శ్రద్ధ ఊరి చెరువుల దగ్గర పిల్లల మీద పెట్టినా చాలు. వచ్చే వేసవికి జిల్లాలో ప్రయోగంగా కొన్ని మండలాల్లోనైనా ఇటువంటి శిబిరాలు ప్రారంభించే విషయమై జిల్లా కలెక్టర్లు, విద్యా, క్రీడా, మత్స్య శాఖల అధికారులు ఒకచోట కూర్చుని నిర్ణయం తీసుకోవలసిన అవసరం ఎంతైనా వుంది. అందుకు సెలవులు మొదలయ్యే దాకా ఆగరాదు. చెరువు అడుగున గోతులు కొలవాలన్నా, దడి కట్టాలన్నా ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే పని మొదలు కావాలి.