తల్లి గర్భంలోనే రూపుదిద్దుకునే గర్భాశయం

ఆడశిశువు ఈ లోకంలో కన్ను తెరిచేనాటికే ఆమె అండాశయాలు, అండవాహికలు, గర్భాశయం యథాస్థానాల్లో అమరి ఉంటాయి. ఏ పన్నెండు, పదమూడేళ్లకో పని మొదలుపెట్టే ఈ అవయవాల పునాది మాత్రం గర్భస్థ దశలో కొద్ది వారాల్లోనే పడిపోతుంది. ఈనాడు తల్లి అయిన ప్రతి స్త్రీ, తన బిడ్డను మోసిన గర్భాశయాన్ని తాను తన తల్లి కడుపులో ఉన్నప్పుడే పొందిందన్నమాట.

మన కుటుంబాల్లో ఈ విషయాలు చాటుమాటుగానే సాగుతాయి. చాటుమాటల్లో అపోహలు సులువుగా చేరతాయి. ఈడు వచ్చినా ఆడపిల్ల రజస్వల కాకపోతే, కోడలికి గర్భం పదేపదే నిలవకపోతే, నింద ఆమె మీదనో, ఆమెను కన్న తల్లి మీదనో పడుతుంది. ఆ నిందకు ఆధారం ఉందో లేదో తెలియాలంటే గర్భాశయం ఎలా ఏర్పడుతుందో తెలియాలి. అందుకే ఈ నెల ఈ అంశాన్ని పాఠకుల ముందుంచుతున్నాం.

పుట్టబోయేది ఆడబిడ్డా, మగబిడ్డా అన్నది ఫలదీకరణ నాడే క్రోమోజోముల్లో నిర్ణయమవుతుంది. అయినా 6వ వారం దాకా పిండంలో ఆ తేడా కంటికి కనిపించదు. ఆ దశలో ప్రతి పిండంలోనూ, అది ఆడదైనా మగదైనా, రెండు జతల సన్నని నాళాలు ఏర్పడతాయి. మొదటి జతను ఉల్ఫియన్ నాళాలనీ, రెండో జతను ముల్లేరియన్ నాళాలనీ అంటారు. 18వ శతాబ్దానికి చెందిన కాస్పర్ ఫ్రెడరిక్ ఉల్ఫ్, 1830లో రెండో జతను వర్ణించిన యోహానెస్ ముల్లర్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తల పేర్లే వీటికి స్థిరపడ్డాయి. మొదటి జత నుంచి పురుషుని వీర్యవాహికలు ఏర్పడతాయి. రెండో జత నుంచి స్త్రీ అండవాహికలు, గర్భాశయం, దాని ముఖద్వారం, యోనిమార్గపు పైభాగం ఏర్పడతాయి.

ఈ రెండు జతలకూ దగ్గరి సంబంధం ఉంది. పందిరి రాటను పట్టుకొని పాకే తీగలా, ముల్లేరియన్ నాళం ఉల్ఫియన్ నాళాన్ని ఆనుకొని కిందికి పెరుగుతుంది. ఆధారంగా ఉన్న ఆ నాళం దెబ్బతింటే దీని పెరుగుదల కూడా ఆగిపోతుంది. మూత్రపిండం ఏర్పడటానికి కావలసిన మొగ్గ కూడా ఉల్ఫియన్ నాళం నుంచే పుడుతుంది. గర్భాశయ నిర్మాణంలో లోపం ఉన్నవారిలో కొందరికి ఒకే మూత్రపిండం ఉండటానికి కారణం ఇదే.

ఇక దారులు వేరయ్యే ఘట్టానికి వద్దాం. మగపిండంలో వృషణాలు రెండు హార్మోన్లను విడుదల చేస్తాయి. టెస్టోస్టెరాన్ ఉల్ఫియన్ నాళాలను నిలబెడుతుంది. యాంటీ ముల్లేరియన్ హార్మోన్ రెండో జతను కరిగించివేస్తుంది. ఆడపిండంలో ఆ దశలో ఈ రెండు ఆదేశాలూ అందవు. కనుక ముల్లేరియన్ నాళాలు నిలిచి పెరుగుతాయి, ఉల్ఫియన్ నాళాలు అంతరించిపోతాయి. సంతానం కోసం వైద్యుల వద్దకు వెళ్లినవారికి ఏఎంహెచ్ పరీక్ష పరిచితమే. అక్కడ కొలిచేది ఈ హార్మోన్‌నే. మగపిండంలో గర్భాశయానికి చోటు లేకుండా చేసే ఈ పదార్థాన్ని, యుక్తవయసు స్త్రీలో అండాశయమే తయారుచేస్తుంది. మిగిలి ఉన్న అండాల నిల్వను అంచనా వేయడానికి వైద్యులు దాన్ని కొలుస్తారు.

ఈ వాస్తవాన్ని నిరూపించినవారు ఫ్రెంచి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ జోస్ట్. తల్లి కడుపులో ఉన్న కుందేలు పిండాల నుంచి వృషణాలను, అండాశయాలను ముందుగానే తొలగించి ఆయన ప్రయోగాలు చేశారు. 1947లో ఆయన ప్రకటించిన ఫలితాల ప్రకారం, మగపిండాల్లో సైతం అండవాహికలు, గర్భాశయం ఏర్పడ్డాయి. పశుపోషకులకు తెలిసిన మరో ఉదాహరణ ఉంది. ఆవుకు కోడెదూడ, పెయ్యదూడ కవలలుగా పుడితే, ఆ పెయ్యదూడల్లో 90 శాతానికి పైగా గొడ్డుపోతాయి. కవలల మావి రక్తనాళాలు కలిసిపోయి, కోడెదూడ హార్మోన్లు పెయ్యదూడ శరీరంలోకి ప్రవహించడమే దీనికి కారణమని 1916లో ఫ్రాంక్ లిల్లీ అనే అమెరికా శాస్త్రవేత్త వివరించారు.

జోస్ట్ ప్రయోగాల తరువాత ఒక అభిప్రాయం బలపడింది. మగ నిర్మాణానికే ఆదేశాలు కావాలనీ, ఆడ నిర్మాణం ఏ ప్రయత్నమూ లేకుండా దానంతట అదే జరిగిపోతుందనీ చాలాకాలం భావించారు. అది సంపూర్ణ సత్యం కాదు. ఎలుకల మీద చేసి 2017లో ప్రకటించిన ఒక పరిశోధనలో, కూప్-టీఎఫ్2 అనే ప్రొటీన్‌ను తొలగించినప్పుడు ఆడపిండాల్లో రెండు జతల నాళాలూ నిలిచిపోయాయి. అంటే ఆడపిండంలో మగ నాళాలు వాటంతట అవి రాలిపోవడం లేదు. వాటిని తొలగించే ఏర్పాటు అక్కడ ప్రత్యేకంగా ఉంది. స్త్రీ దేహం మిగులుగా ఏర్పడినది కాదు, పూనికతో కట్టబడినది.

తరువాతి ఘట్టం రెండు ముల్లేరియన్ నాళాల కలయిక. ఇది క్షీరదాలన్నిటిలో ఒకే తీరుగా ఉండదు. కుందేలులో రెండు నాళాలూ కలవకుండా రెండు వేర్వేరు గర్భాశయాలుగానే మిగులుతాయి. ఆవు, మేక, గొర్రెల్లో కింది భాగం కలిసి, పైభాగం రెండు కొమ్ములుగా చీలి ఉంటుంది. మానవ స్త్రీలో పైకొసలు మాత్రమే అండవాహికలుగా విడివిడిగా ఉండి, మిగిలినది ఒక్కటైపోతుంది. 10వ వారం ప్రాంతంలో నాళాలు కలుస్తాయి. వాటి మధ్య మిగిలిన అడ్డుగోడ 20వ వారం నాటికి కరిగిపోతుంది.

ఈ వరుసలో ఏ మెట్టు తప్పినా నిర్మాణంలో తేడా మిగిలిపోతుంది. నాళాలు సరిగా కలవకపోతే గర్భాశయం రెండు కొమ్ములుగా ఉంటుంది. అడ్డుగోడ కరగకపోతే గర్భస్రావాలు జరిగే ప్రమాదం పెరుగుతుంది. నూరుమంది స్త్రీలలో సుమారు 5 మందికి ఇటువంటి ఏదో ఒక తేడా ఉంటుంది. వారిలో చాలామంది అది తెలియకుండానే బిడ్డలను కని పెంచుతారు. అరుదుగా, సుమారు 5,000 మంది ఆడపిల్లల్లో ఒకరికి గర్భాశయం ఏర్పడనే ఏర్పడదు, లేదా అసంపూర్ణంగా మిగిలిపోతుంది. అండాశయాలు చక్కగా పనిచేస్తాయి కనుక అమ్మాయి ఈడుకు తగినట్టే ఎదుగుతుంది. ఋతుస్రావం మాత్రం కాదు.

ఇక్కడే మన బాధ్యత మొదలవుతుంది. 15 ఏళ్లు నిండినా రజస్వల కాని అమ్మాయిని స్త్రీ వైద్య నిపుణురాలికి చూపించాలి. ఒక స్కానింగుతో చాలావరకు సంగతి తెలుస్తుంది. మూత్రపిండాలను కూడా పరీక్షించమని అడగాలి. ‘పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది’ అనే మాటలో నిజం లేదు. విషయం దాచి నికాహ్ జరిపిస్తే రెండు కుటుంబాలూ నలుగుతాయి, అందరికంటే ఎక్కువగా ఆ అమ్మాయి నలుగుతుంది. యోనిమార్గం చిన్నదిగా ఉంటే చికిత్స ఉంది, దాంపత్య జీవనం సాధ్యమే. పదేపదే గర్భం పోయే కోడలికి కావలసినది కూడా సూటిపోటి మాటలు కాదు, సరైన పరీక్ష. గర్భాశయంలో అడ్డుగోడ ఉందని తేలితే, అవసరమైనవారికి దాన్ని శస్త్రచికిత్సతో తొలగించవచ్చు. 2014లో స్వీడన్‌లో, పుట్టుకతోనే గర్భాశయం లేని ఒక స్త్రీ మరొకరు దానం చేసిన గర్భాశయంతో బిడ్డను కన్నది. అయితే అది అందరికీ అందుబాటులో ఉన్న చికిత్స కాదు.

అరబీలో గర్భాశయాన్ని ‘రహిమ్’ అంటారు. కారుణ్యానికి వాడే ‘రహ్మత్’ కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది. బంధుత్వాన్ని కలుపుకుపోవడాన్ని ‘సిలా రహ్మీ’ అంటాం. గర్భం పేరుతో ఉన్న బంధాన్ని గర్భం లేదన్న కారణంతో తెంచడం ఎంతవరకు సబబో మనమే ఆలోచించాలి. హజ్రత్ ఆయిషా (రజి) గారికి సంతానం లేదు. అయినా ఆమె విశ్వాసుల మాత. 2,000కు పైగా హదీసులు ఆమె ద్వారానే మనకు చేరాయి.

తల్లి కడుపులో, ఎవరి చేతికీ అందని చోట, కొద్ది వారాల్లో జరిగిపోయిన నిర్మాణానికి ఆ బిడ్డను బాధ్యురాలిని చేయలేం. ఆమెను కన్న తల్లినీ నిందించలేం. ఇంట్లోని పెద్దలు, ముఖ్యంగా అత్తలు, తల్లులు ఈ సంగతి తెలుసుకొని, ఆడపిల్లతో మెత్తగా మాట్లాడి, వేళకు వైద్యం చేయించాలని కోరుతున్నాం.