చదువుకొన్నవాఁడును వీసాయును

మేడ్చలు, శామీరుపేట ప్రాంతముల యువకులు ఉద్యోగార్థులై గల్ఫు దేశములకుఁ బోఁగోరుట తప్పని మేమనము. కాని పోవు మార్గమును గూర్చి రెండు మాటలు చెప్పఁదలఁచితిమి.

1983 సంవత్సరపు ఎమిగ్రేషను చట్టము క్రింద, పదియవ తరగతి యుత్తీర్ణుఁడు కానివాఁడు సౌదీ అరేబియా, కువైటు మొదలగు దేశములకుఁ బనికిఁ బోవుటకు సామాన్యముగా ప్రొటెక్టరు ఆఫ్ ఎమిగ్రెంట్స్ వారి యనుమతి పొందవలెను. అందు యజమాని, జీతము, ఒడంబడిక పరిశీలింపఁబడును. ఉత్తీర్ణుఁడైనవాని కీ నిర్బంధము లేదు. దీనిని మనవారు గౌరవముగా నెంచుదురు. మంచిదే! కాని నిర్బంధముతోపాటు రక్షణయుఁ దొలఁగినదని మఱవరాదు. కార్యాలయము ఇతరులకుఁ జేయు పరిశీలనమును చదువుకొన్నవాఁడు తానే చేసికొనవలెను.

మా పూర్వ విద్యార్థి యొకఁడు సందర్శన వీసాపైఁ బోయి పనిచేసెను. జీతము రాలేదు. అట్టి వీసాపైఁ బనిచేయుట చట్టవిరుద్ధమగుటచే ఫిర్యాదు చేయుటకును జంకి, అప్పుతోఁ దిరిగివచ్చెను. వీసాపై నున్న యా యొక్క మాటను చదివియుండినచో నింత జరుగదు.

విద్యార్థులారా! ఏజెంటునకు లైసెన్సున్నదో లేదో ఈ-మైగ్రేట్ జాబితాలోఁ జూడుఁడు. వీసా యేరకమో, ఒడంబడికలో నేమున్నదో సంతకమునకు ముందే చదువుఁడు. పొలము కుదువఁబెట్టి కొనిన కాగితమును చదువకయే సంచిలో నుంచుకొనుట మన చదువునకే యవమానము గదా!