క్రీడాంగణం: ఆట లేని నెలలలో గెలుపోటములు

మన దేశంలో రైల్వేలు, ఓ.ఎన్.జి.సి., ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు వంటి సంస్థల బాస్కెట్‌బాల్ జట్లలో ఆడేవారు ముందుగా ఆయా సంస్థల ఉద్యోగులు, ఆ తరువాతనే క్రీడాకారులు. అమెరికాలోని వృత్తి క్రీడాజట్ల పద్ధతి ఇందుకు భిన్నమైనది. అక్కడ క్రీడాకారుడు ఒప్పందంపై పనిచేస్తాడు. ఆ ఒప్పందం జట్టుకు ఆస్తి వంటిది. దానిని వేరొక జట్టుకు ఇచ్చి, ప్రతిగా మరొకరిని తెచ్చుకోవచ్చును. ఎన్.బి.ఎ.గా ప్రసిద్ధమైన అక్కడి బాస్కెట్‌బాల్ పోటీలు జూన్‌లో ముగిసి అక్టోబరు చివర మరల ఆరంభమవుతాయి. ఈ నడుమ నాలుగు నెలలలో జరిగే చేర్పులు మార్పులు రాబోయే ఏడాది గెలుపోటములను చాలావరకు నిర్ణయిస్తాయి.

జట్టును బలపరచుకొనుటకు మూడు మార్గాలున్నాయి. మొదటిది, కొత్త యువకులను ఎంచుకొనే డ్రాఫ్టు. వెనుకబడిన జట్లకు ఇందులో ముందు వరుస దక్కే అవకాశం ఎక్కువ. రెండవది, ఒప్పందం ముగిసిన వారిని చేర్చుకొనుట. మూడవది, జట్ల మధ్య మార్పిడి. మార్పిడిలో సాధారణంగా ఇరువైపుల వేతనాల మొత్తాలు ఇంచుమించు సరితూగాలి. భవిష్యత్తులో రాబోయే డ్రాఫ్టు వంతులను కూడ ఈ బేరంలో పెట్టవచ్చును.

ఏటా వేసవిలో పత్రికలు ఈ బేరాలకు మార్కులు వేస్తుంటాయి. ఆ మార్కులు ఎంతవరకు నిలుస్తాయన్నది పరిశీలించుటకు బోస్టన్ సెల్టిక్స్ జట్టు చరిత్రలోని రెండు వేసవులు చక్కని ఉదాహరణలు. మొదటి వేసవిలో ఆ జట్టు ఒక మేటి ఆటగాడిని తెచ్చుకున్నది. రెండవ వేసవిలో అదే ఆటగాడిని ఇచ్చివేసినది.

2006-07లో బోస్టన్ 82 ఆటలలో 24 మాత్రమే గెలిచింది. ఒక దశలో వరుసగా 18 ఓడింది. అంత వెనుకబడినా అదృష్టపు చీటీలో డ్రాఫ్టు ఐదవ వంతు మాత్రమే దక్కింది. జట్టుకు ప్రాణమైన పాల్ పియర్స్‌కు అప్పటికి 29 ఏళ్లు. యువకులు ఎదిగేదాకా వేచియుంటే పియర్స్ ఉత్తమ దశ గడచిపోతుంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని జట్టు వ్యవహారాల అధిపతి డానీ ఏంజ్ తలచాడు. ఆ ఐదవ వంతుతో పాటు ఇద్దరు ఆటగాళ్లను సియాటిల్‌కు ఇచ్చి రే ఆలెన్‌ను తెచ్చాడు. పిమ్మట జూలై 31న ఐదుగురు ఆటగాళ్లను, రెండు మొదటి విడత డ్రాఫ్టు వంతులను, కొంత నగదును మిన్నెసోటాకు ఇచ్చి కెవిన్ గార్నెట్‌ను రప్పించాడు.

ఒక్కడికి ఐదుగురా అని అనిపించడం సహజం. అయితే ఆ ఐదుగురిలో 22 ఏళ్ల ఆల్ జెఫర్సన్ ఒక్కడే నాటికి గట్టి ఆటగాడు. థియో రాట్లిఫ్ గాయం వలన ముందటి సీజన్ దాదాపు ఆడనే లేదు. అతని భారీ వేతనం లెక్క సరితూగుటకు ఉపయోగపడింది. బాస్కెట్‌బాల్‌లో కోర్టుపై ఒక్కసారికి ఐదుగురే ఉంటారు. కావున ఐదుగురు సామాన్యులు కలసినా ఒక మేటి ఆటగాడి లోటు పూడదు. ఆ తరువాతి సీజన్‌లో మిన్నెసోటా 22 ఆటలే గెలిచింది.

బోస్టన్ ఇచ్చిన వారితో పాటు ఇవ్వని వారిని కూడ గమనించాలి. యువకులైన రాజాన్ రాండో, కెండ్రిక్ పెర్కిన్స్ జట్టులోనే నిలిచారు. జేమ్స్ పోసీ, ఎడ్డీ హౌస్ వంటి అనుభవజ్ఞులు తక్కువ వేతనాలకే చేరారు. రక్షణ వ్యూహాలలో దిట్టయైన టామ్ తిబోడో సహాయ శిక్షకుడుగా వచ్చాడు. పెద్ద పేర్ల నడుమ ఈ చిన్న చేర్పులకు తగిన గుర్తింపు దక్కలేదు. ఆ సీజన్‌లో బోస్టన్ 66 ఆటలు గెలిచి, 2008 జూన్‌లో లాస్ ఏంజెలెస్ లేకర్స్‌ను 4-2తో ఓడించి, 22 ఏళ్ల తరువాత విజేతగా నిలిచింది.

ఇక రెండవ వేసవి. 2013 నాటికి గార్నెట్ వయసు 37, పియర్స్ వయసు 35. వెంటనే విజేత కావాలన్న ఆరాటంతో ఉన్న బ్రూక్లిన్ నెట్స్ జట్టు వీరిద్దరినీ, జేసన్ టెర్రీనీ తీసుకున్నది. ప్రతిగా కొందరు ఆటగాళ్లతో పాటు 2014, 2016, 2018 సంవత్సరాల మొదటి విడత డ్రాఫ్టు వంతులను, 2017లో వంతులు మార్చుకొనే హక్కును బోస్టన్‌కు ఇచ్చింది. జట్టు దిగజారితే ఆ వంతులను తిరిగి తన వద్ద ఉంచుకొనే రక్షణ షరతు ఏదీ లేదు.

ఫలితమేమి? అంతకుముందు 49 ఆటలు గెలిచిన బ్రూక్లిన్, మేటి ఆటగాళ్లు వచ్చిన తరువాత 44 గెలిచి, రెండవ దశలో మయామీ చేతిలో ఓడింది. పియర్స్ ఏడాదికే వెళ్లిపోయాడు. గార్నెట్ 2015 ఫిబ్రవరిలో తిరిగి మిన్నెసోటా చేరాడు. బ్రూక్లిన్ 2015-16లో 21, 2016-17లో 20 ఆటలకు పడిపోయింది. సాధారణంగా అంతటి పరాజయానికి మంచి డ్రాఫ్టు వంతు ఊరటగా ఉంటుంది. ఆ ఊరట సైతం బోస్టన్ పరమైంది. 2016 వంతుతో బోస్టన్ జేలెన్ బ్రౌన్‌ను ఎంచుకున్నది. 2017లో చేతికందిన మొదటి వంతును ఫిలడెల్ఫియాకు ఇచ్చి, మూడవ వంతును, మరొక భావి వంతును పొంది, జేసన్ టేటమ్‌ను తెచ్చుకున్నది. వీరిద్దరూ ముఖ్యులుగా ఉన్న జట్టు 2024 జూన్‌లో డాలస్‌ను 4-1తో ఓడించి బోస్టన్‌కు 18వ విజయకిరీటం తెచ్చిపెట్టింది. ఆ తుది పోరులో ఉత్తమ ఆటగాడు బ్రౌన్.

ఫలితం తెలిసిన తరువాత తీర్పు చెప్పడం సులభమని కొందరనవచ్చును. కాని 2013 బేరంలోని ప్రమాదాన్ని ఆనాడే చూడవచ్చును. ఆటగాళ్ల వయసు దాగేది కాదు. ఎన్నేళ్ల డ్రాఫ్టు వంతులు చేజారుతున్నవో కాగితం మీద స్పష్టంగా ఉన్నది. అయిదేళ్ల భవిష్యత్తును ఇచ్చి ఒకటి రెండేళ్ల ఆటను కొనడం అప్పు చేసి పప్పు కూడు తినడమే. 2007లోనూ ప్రమాదం లేకపోలేదు. గార్నెట్‌కు 31, ఆలెన్‌కు 32 ఏళ్లు. ఏ ఒక్కరు గాయపడినా పథకమంతా కూలేది. అయినా వారి ముందు ఇంకా కొన్ని మంచి ఏళ్లుండేవి. ఆ బృందం 2010లో మరల తుది పోరుకు చేరి ఏడవ ఆటలో మాత్రమే ఓడింది.

కావున ఏ జట్టు చేర్పులు మార్పులనైనా తూచుటకు మూడు ప్రశ్నలు చాలు. జట్టుకు నిజంగా ఉన్న లోటేమిటి? వచ్చినవాని ఉత్తమ కాలం ఇంకెంత మిగిలియున్నది? చెల్లించిన మూల్యం ఏ సంవత్సరాలకు చెందినది? గార్నెట్ ప్రతిభ రెండు వేసవులలోనూ ప్రశ్నకు అతీతమైనదే. 2007లో ఈ మూడు ప్రశ్నలకు సరైన సమాధానాలు దొరికినవి. 2013లో కొన్నవారికి దొరకలేదు.

ఇకముందు ఏ వేసవిలోనైనా ఒక జట్టు పెద్ద పేరును కొన్నదన్న వార్త వస్తే, ఆ పేరుతో పాటు ప్రతిగా ఇచ్చిన వంతుల పట్టికను కూడ చదువవలసి ఉంటుంది. ఆ వంతుల ద్వారా రాబోయే యువకులు ఇంకా పాఠశాలలో ఉండవచ్చును. 2007లో గార్నెట్ బోస్టన్‌కు వచ్చిననాడు టేటమ్ వయసు తొమ్మిదేళ్లు.