రాష్ట్రం మారితే బండి నంబరు ఎందుకు మారాలి?

బతుకుతెరువు కోసం రాష్ట్రాలు మారే కుటుంబాలను మన వాహన రిజిస్ట్రేషన్ నిబంధనలు ఇంకా అపరిచితుల్లాగే చూస్తున్నాయి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 46వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రంలో చేయించిన రిజిస్ట్రేషన్ దేశమంతటా చెల్లుతుంది. ఆ వెంటనే ఉన్న 47వ సెక్షన్ మాత్రం వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి బండిని ఉంచుకుంటే అక్కడి నంబరు తీసుకోవాల్సిందే అంటుంది. ఈ చిక్కు తీర్చడానికే కేంద్రం 2021లో భారత్ సిరీస్, అంటే బీహెచ్ నంబర్లు తెచ్చింది. ఆలోచన మంచిదే. కానీ దాన్ని కొందరికే పరిమితం చేయడం న్యాయం కాదు. ఒకసారి ఇచ్చిన నంబరు బండి ఉన్నంతకాలం దానిదే కావాలి.

విజయవాడలో కొన్న కారుతో బెంగళూరులో స్థిరపడిన వ్యక్తి ఏం చేయాలో చూడండి. ముందు పాత రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. అందుకు ఫారం 28 నింపి, చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసిన ముద్రను జతచేయాలి. కారుపై అప్పుంటే ఫైనాన్స్ సంస్థ సమ్మతి కావాలి. కొత్త ఊళ్లో ఫారం 27 ఇచ్చి, కారు వయసును బట్టి అక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. కొత్త నంబరు ప్లేట్లు బిగించుకుని బీమాలో, ఫాస్టాగ్‌లో వివరాలు మార్పించాలి. పాత రాష్ట్రంలో ముందే కట్టిన పన్నులో మిగిలింది రాబట్టుకోవడానికి మళ్లీ అక్కడే అర్జీ పెట్టాలి. ఇంత చేసినా ఇంజిన్ అదే, చాసిస్ అదే, యజమానీ అతడే. 2015 జులై నుంచి ఏ రాష్ట్రానికి వెళ్లినా సెల్ నంబరు మార్చుకోనవసరం లేదు. బండి నంబరుకు ఆ వీలు ఉండకూడదనడానికి సరైన కారణం కనిపించదు.

బీహెచ్ నంబరులో రిజిస్ట్రేషన్ సంవత్సరం, బీహెచ్, నాలుగు అంకెలు, ఆపై అక్షరాలు ఉంటాయి. ఏ రాష్ట్రం పేరూ ఉండదు. పన్నును 15 ఏళ్లకు ఒకేసారి కాకుండా రెండేళ్ల చొప్పున కట్టవచ్చు. అయితే సొంత వాహనాలకే, అదీ సైనికులకు, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ, ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులకు, నాలుగు లేదా అంతకు మించి రాష్ట్రాల్లో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల వారికే ఈ వీలుంది. ప్రైవేటు ఉద్యోగి తన సంస్థ నుంచి ఫారం 60 తేవాలి. చిన్న కంపెనీలో పనిచేసేవారు, చదువు కోసం బైకుతో వెళ్లిన విద్యార్థి, పనులు వెతుక్కుంటూ వెళ్లిన ఎలక్ట్రీషియన్ ఆ కాగితం ఎక్కడి నుంచి తెస్తారు? బదిలీ ఉత్తర్వు చేతికొచ్చి వెళ్లేవారికి ఉన్న వెసులుబాటు పొట్ట చేతపట్టుకుని వెళ్లేవారికి లేదు. సాయం ఎక్కువ కావాల్సింది ఈ రెండో వర్గానికే.

రాష్ట్రాల ఆదాయం పడిపోతుందన్నది ప్రధాన అభ్యంతరం. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. వాహన పన్ను రాజ్యాంగం రాష్ట్రాలకిచ్చిన హక్కు. బీహెచ్‌లో కేంద్రం నిర్దేశించిన 8, 10, 12 శాతం రేట్లు ఖరీదైన కార్లపై కొన్ని రాష్ట్రాలు వేసే పన్ను కంటే తక్కువ. కానీ నంబరు మారకూడదనడం, పన్ను తగ్గించాలనడం వేర్వేరు సంగతులు. బండి ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రానికి, అక్కడి రేటు ప్రకారం, ఆన్‌లైన్‌లో విడతలుగా పన్ను కట్టించవచ్చు. పన్ను తక్కువని పుదుచ్చేరిలో ఖరీదైన కార్లు రిజిస్టర్ చేయించే ఎత్తుగడకు కూడా అప్పుడు కాలం చెల్లుతుంది. నేరస్థులను పట్టుకోవడం కష్టమవుతుందన్న వాదనా నిలవదు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త వాహనాలన్నిటికీ హై సెక్యూరిటీ ప్లేట్లు తప్పనిసరి. హోలోగ్రామ్, లేజర్‌తో చెక్కిన ప్రత్యేక సంఖ్య, ఒకసారి బిగిస్తే విరగగొట్టకుండా ఊడిరాని లాక్ వాటికి ఉంటాయి. పోలీసులకు యజమాని ఆచూకీ ఇచ్చేది కంప్యూటర్‌లోని రికార్డే తప్ప ప్లేటు మీది తొలి రెండక్షరాలు కావు.

ప్లేటు మీది కోడ్‌కు పెద్ద విలువ లేదని తెలుగు నేలకు అనుభవమే. ఆంధ్రప్రదేశ్‌లో ఒకప్పుడు 16 అంటే కృష్ణా, 31 అంటే విశాఖ. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఒకటే వచ్చినా పాలన ఆగలేదు. తెలంగాణలో 2024 మార్చిలో టీఎస్ స్థానంలో టీజీ వచ్చింది. పాత టీఎస్ నంబర్లు అలాగే చెల్లుతున్నాయి. కోడ్ మారినా పాత నంబరు చెల్లుతున్నప్పుడు, ఊరు మారినంత మాత్రాన అది చెల్లకపోవడం అసంబద్ధం. కేంద్రం 47వ సెక్షన్‌ను సవరించి, బీహెచ్ అర్హత షరతులు ఎత్తివేయాలి. నిత్యం రాకపోకలు సాగించే లక్షల మంది ఉన్న రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఈ సవరణ కోసం కలిసి పట్టుబట్టాలి.