గంట మోగలేదని నిశ్చింతా?

పసిబిడ్డ మనకు అల్లాహ్ అప్పగించిన అమానత్. ఆ అమానత్ కాపలాను నేడు కొందరు తల్లిదండ్రులు పాదానికి తొడిగే ‘స్మార్ట్ సాక్స్’కు వదిలేస్తున్నారు. అది గుండె వేగాన్ని, రక్తంలోని ఆక్సిజన్‌ను కొలిచి ఫోనుకు కబురు పంపుతుంది.

అమెరికాలో 30 మంది శిశువులపై ఇటువంటి రెండు పరికరాలను పరీక్షించిన ఫలితాలు 2018లో ‘జామా’ వైద్య పత్రికలో వెలువడ్డాయి. ఒకటి ఆక్సిజన్ తగ్గుదలను గుర్తించినా నిలకడ చూపలేదు. రెండవది ఒక్కసారైనా గుర్తించలేదు. అకారణంగా మోగిన గంట మనల్ని ఆసుపత్రికి పరుగెత్తిస్తుంది. మోగవలసినప్పుడు మోగని గంట మనల్ని నిద్రపుచ్చుతుంది. ఈ రెండవదే ఎక్కువ ప్రమాదకరం. నిద్రలో సంభవించే ఆకస్మిక శిశుమరణాల నివారణకు ఇంటి మానిటర్లను సాధనంగా వాడరాదని అమెరికా శిశువైద్యుల అకాడమీ 2022లో పేర్కొన్నది.

అసలైన జాగ్రత్తలకు పెద్దగా ఖర్చు లేదు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. పక్కలో ఆవాల దిండు, బొంత ఉండరాదు. మన గదిలోనే, వేరు పక్కపై ఉంచాలి. ఇంట్లో ఎవరూ పొగ త్రాగరాదు. దివ్యఖుర్ఆన్ (2:233) ప్రస్తావించిన తల్లిపాలు కూడా ఈ ముప్పును తగ్గిస్తాయి.

ముందు ఒంటెను కట్టివేసి, ఆపై అల్లాహ్‌ను నమ్ముకోవాలన్నది దైవప్రవక్త (స) బోధన. సాక్స్ తొడిగినంత మాత్రాన ఒంటెను కట్టినట్లు కాదు. బిడ్డ పెదవులు నీలిబారినా, ఊపిరి కష్టమైనా, ఫోను ‘అంతా క్షేమం’ అంటున్నా సరే, తక్షణం వైద్యుణ్ణి చేరుదాం. మన బిడ్డలను అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.