ఇల్లాలి నగలు

నగలు తాకట్టు పెట్టి వ్యాపారంలో దిగినవారి కథ వింటే నాకు గుండె దడ. మునిగితే ఆ ఇల్లాలి గతేమిటి? అందుకే ఒబెరాయ్ హోటళ్ళ పుట్టుపూర్వోత్తరాలు చదువుతుంటే నా మనసు మేడల మీద నిలవలేదు.

1922లో మోహన్ సింగ్ ఒబెరాయ్ పని వెతుక్కుంటూ సిమ్లా చేరి, సిసిల్ హోటల్లో గుమాస్తాగా కుదిరారు. జీతం నెలకు 50 రూపాయలు. పన్నెండేళ్ళకు, అంటే 1934లో, ఉన్న ఆస్తితోపాటు భార్య ఇస్రాన్ దేవి నగలు కూడా తాకట్టు పెట్టి, అదే ఊళ్ళో క్లార్క్స్ హోటలు కొన్నారు.

అంతటితో ఊరుకున్నారా? కలకత్తాలో గ్రాండ్ హోటలు కలరా దెబ్బకు మూతబడింది. జనం పేరెత్తడానికే జంకే ఆ హోటల్ని 1938లో లీజుకు తీసుకున్నారు. మరుసటి ఏడే యుద్ధం! గదులన్నీ సైనికులతో నిండిపోయాయి. 1943లో, తాను గుమాస్తాగిరి చేసిన సిసిల్ హోటలే ఆయన చేతికి వచ్చింది.

రాజభోగాల విడిదులు చాలా తరువాతివి. 1997లో జైపూరులో రాజ్‌విలాస్, 2001లో ఆగ్రాలో అమర్‌విలాస్ వెలిశాయి. మరుసటి ఏడు, 103 ఏళ్ళు నిండిన ఒబెరాయ్ కన్నుమూశారు.

అమర్‌విలాస్‌లో ఏ గదిలోంచి చూసినా తాజ్‌మహలు కనిపిస్తుందట. అది భార్య కోసం భర్త కట్టించినది. మరి భర్త కోసం నగలు తీసి ఇచ్చిన ఇల్లాలికో? బోర్డు మీది 'ఒబెరాయ్' ఆవిడ ఇంటిపేరు కూడాను. నేనైతే దాన్ని అలాగే చదువుకుంటాను.